పరదేశమున మన రూపాయి

విదేశములకు పోవు మనవారు ప్రయాణమునకు నెలదినములు ముందుగనే పెట్టెలు సర్దుకొందురు. ఆవకాయ జాడీకి మూత బిగించుటలో చూపు శ్రద్ధను, అచ్చట ఖర్చుపెట్టవలసిన ధనమును ఏ రూపమున తీసికొనిపోవలెనను విషయమున చూపువారు మిక్కిలి తక్కువ. విమానాశ్రయమునందలి మారకపు బల్ల యొద్ద తోచినంత మార్చుకొనుటయో, జేబులోనున్న కార్డు ఎక్కడనైనను పనిచేయునను ధీమాతో విమానమెక్కుటయో జరుగుచున్నది. తిరిగి వచ్చిన పిదప బ్యాంకువారు పంపిన లెక్క చూచుకొని, కొన్న వస్తువుల వెలకును, ఖాతానుండి పోయిన సొమ్మునకును పొంతన కుదరక, విదేశపు ఖర్చులింతేయని నిట్టూర్చి యూరకుందురు. ఆ నిట్టూర్పులో నూటికి నాలుగైదు రూపాయలు గలవు. అవి యెవరి చేతిలోనికి పోయినవి? ఏల పోయినవి? పోకుండ నిలుపుకొనుటకు మార్గమేది? ఈ వారము మా పాఠకులతో విచారింపదలచిన విషయమిదియే.

ఇది ధనవంతుల విలాసయాత్రలకు సంబంధించిన అల్పవిషయమని కొందరు తలపవచ్చును. అట్లు తలచుట పొరపాటు. నేడు విదేశమునకు పోవువారెవరు? కుమార్తె పురుటికి సాయముగా అమెరికాకు పోవు తల్లి. ఇల్లు తనఖా పెట్టి కుమారుని చదువునకు పంపిన తండ్రి. జీవితకాలమంతయు కూడబెట్టిన సొమ్ముతో హజ్ యాత్రకు బయలుదేరిన వృద్ధుడు. గల్ఫు దేశములకు కూలికి పోవు కరీంనగరపు శ్రామికుడు, కడప శ్రామికురాలు. వీరిలో అనేకులకు అది మొదటి విదేశయాత్ర. మాటిమాటికి తిరుగువాడు ఒకసారి మోసపోయి రెండవసారి నేర్చుకొనును. జీవితమున ఒక్కసారి పోవువానికి ఆ రెండవసారి లేదు. కావున ఎరుక అందరికంటె ఎక్కువగా కావలసినది వీరికే.

దూరదేశమున సొమ్ము చెల్లించుట యెట్లను ప్రశ్న మనకు క్రొత్త కాదు. ఒక పట్టణమున షావుకారు యొద్ద సొమ్ము కట్టి, అతడు వ్రాసియిచ్చిన కాగితమును వేరొక పట్టణమున చూపి సొమ్ము పొందు హుండీ పద్ధతి మన వర్తకులకు తరతరములుగా తెలిసినదే. పాశ్చాత్యులలో యాత్రికులకై థామస్ కుక్ సంస్థవారు 1874లో సర్క్యులర్ నోట్లను, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వారు 1891లో ట్రావెలర్స్ చెక్కులను ప్రవేశపెట్టిరి. కాగితము పోయి కార్డు వచ్చినది. కార్డు పోయి చేతిఫోను వచ్చుచున్నది. రూపము మారినను మూడు ప్రశ్నలు మారలేదు. మారకపు రేటును నిర్ణయించువాడెవడు? నడుమ రుసుము తీసికొనువాడెవడు? దొంగతనము జరిగినచో నష్టమెవరిది?

స్వతంత్రభారతమున విదేశమారకము చాలకాలము కరవు సరకుగనే యుండెను. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపబడి, డాలరు 4.76 రూపాయలనుండి 7.50 రూపాయలకు పెరిగినది. ఆ కాలమున చదువులకై సముద్రము దాటిన మన యువకులు ఎనిమిది డాలర్లు చేత పట్టుకొని విమానమెక్కితిమని నేటికిని చెప్పుకొందురు. 1991లో విదేశమారకపు నిధి కొన్ని వారముల దిగుమతులకు మాత్రమే చాలునంతగా క్షీణింపగా, సుమారు 47 టన్నుల బంగారమును రిజర్వు బ్యాంకు దేశము దాటించి తాకట్టు పెట్టవలసివచ్చినది. ఇంటి ఇల్లాలి మెడలోని నగ అంగడికి చేరిన నాడు ఇంటివారికి కలుగు సిగ్గును ఆనాడు దేశమంతయు అనుభవించినది. పిదప పరిస్థితి మారినది. 1973 నాటి కఠినశాసనమునకు బదులుగా 1999లో చేయబడిన విదేశమారక నిర్వహణ చట్టము 2000 జూన్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. 2004లో ఒక్కొక్కరు సంవత్సరమునకు 25,000 డాలర్ల వరకు వెలుపలికి పంపుటకు అనుమతి లభించినది. ఆ పరిమితి 2015లో 2,50,000 డాలర్లకు పెరిగినది. ఖర్చుపెట్టుటకు స్వేచ్ఛ లభించినది. ఖర్చుపెట్టు వివేకము మాత్రము శాసనమువలన లభించునది కాదు.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. పరదేశమున ఏదేని దుకాణములో మనవాడు కార్డు చూపగనే యంత్రము ఒక ప్రశ్న వేయును. ఈ దేశపు నాణెములో చెల్లింతువా? మీ రూపాయలలో చెల్లింతువా? తెలియని ఊరిలో, తెలియని భాష నడుమ, రూపాయి గుర్తు కనబడగనే మనవాని ప్రాణము లేచివచ్చును. తనవాడొకడు ఎదురైనట్లు సంతోషించి రూపాయి మీటనే నొక్కును. నష్టము సరిగ్గా అక్కడనే జరుగును. రూపాయలలో చెల్లింతునని యొప్పుకొన్న క్షణముననే మారకపు రేటును నిర్ణయించు అధికారము మన బ్యాంకు చేతినుండియు, కార్డు సంస్థ చేతినుండియు తప్పి, ఆ యంత్రమును నడుపువారి చేతికి పోవును. వారు తమకు నచ్చిన లాభమును రేటులోనే కలిపికొందురు; అందు దుకాణదారునకును భాగము ముట్టుట కలదు. రసీదుపై రుసుము అను మాట కానరాకపోవచ్చును. రుసుము రేటు కడుపులో దాగియుండును. దీనికి తోడు, విదేశపు వర్తకునికి రూపాయలలో చెల్లించినను నూటికి ఒక రూపాయి వంతున తమ రుసుమును వేరుగా పట్టుకొను బ్యాంకులు మన దేశమున గలవు. ఇది గోరుచుట్టుపై రోకటిపోటు.

కాబట్టి మేము చెప్పు మొదటిమాట యిది. ఏ దేశమున నున్నారో ఆ దేశపు నాణెములోనే చెల్లింపుడు. దుకాణములోనైనను, హోటలులోనైనను, నగదు నిచ్చు యంత్రము యొద్దనైనను ఇదియే నియమము. స్వదేశాభిమానము చూపవలసిన చోట్లు అనేకములు గలవు. ఆ యంత్రపు మీట మాత్రము వానిలో నొకటి కాదు. రూపాయి పేరును గౌరవించుటకంటె రూపాయిని కాపాడుట మేలు.

మనవాడే మీట నొక్కెను గదా, అంగీకరించినవాడు నష్టపోయిన నేరమెవరిదని కొందరు వాదింపవచ్చును. న్యాయశాస్త్రమున అంగీకారమనగా నేమి? 1872 నాటి మన ఒప్పందముల చట్టము 13వ విభాగము ప్రకారము, ఇరువురు ఒకే విషయమును ఒకే యర్థమున గ్రహించి సమ్మతించిననే అది అంగీకారము. యంత్రపు పక్షమున రూపాయి యనగా అధికలాభము. మనవాని పక్షమున రూపాయి యనగా ఇంటి లెక్క. మాట యొకటియే, అర్థములు రెండు. పరదేశమున జరిగిన కొనుగోలునకు మన చట్టము వర్తింపదని మేమెరుగుదుము. ధర్మము మాత్రము సరిహద్దులతో ఆగునది కాదు. ఐరోపా సమాఖ్యవారు సయితము ఇట్టి మారకములలో ఎంత అధికముగా వసూలగునో చెల్లింపునకు ముందే కనబరుపవలెనని 2019లో నిబంధన చేసియున్నారు. దోషమే లేనిచో నిబంధన యేల?

ఒక లెక్క వేసి చూతము. పరదేశమున లక్ష రూపాయల విలువగల ఖర్చు జరిగినదనుకొందము. స్థానికనాణెములోనే చెల్లించినను మన క్రెడిట్ కార్డులు సాధారణముగా నూటికి 2 మొదలు 3.5 వరకు మారకపు రుసుము పట్టును. 3.5 వంతున 3,500 రూపాయలు. ఆ రుసుముపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. 630 రూపాయలు, మొత్తము 4,130 రూపాయలు. ఈ రుసుము బొత్తిగా లేని కార్డులును కొన్ని బ్యాంకులు ఇచ్చుచున్నవి; వానితో ఈ 4,130 మిగులును. రూపాయి మీట నొక్కి, యంత్రము వాడు నూటికి 6 వంతున కలిపికొనెననుకొన్నచో 6,000 పోవును. దానిపై మన బ్యాంకు రుసుము వేరు. అదే వస్తువు, అదే కార్డు, అదే దినము. భేదము ఒక్క మీట. నెలకు పదునైదువేల జీతముతో బ్రతుకు కుటుంబమునకు ఆరువేలనగా పండ్రెండు దినముల కష్టము.

ఇక ఏ సాధనము మేలైనది? అన్నిటను మేలైన సాధనము ఒకటి లేదు. ప్రతిదానికి ఒక గుణము, ఒక దోషము గలవు.

నగదు అందరికి తెలిసినది. కార్డు తీసికొనని చిన్న దుకాణములకు, మూటకూలికి, అర్ధరాత్రి చేరిన ఊరిలో మొదటిపూట ఖర్చులకు నగదే దిక్కు. కాని పోయిన నగదు పోయినదే. రిజర్వు బ్యాంకు నియమముల ననుసరించి సామాన్యముగా ఒక్కొక్క యాత్రకు 3,000 డాలర్ల వరకే నోట్ల రూపమున పొందనగును. కొన్ని దేశములకును, హజ్, ఉమ్రా యాత్రికులకును వేరు సడలింపులు గలవు. అనుమతి పొందిన మారకపువర్తకుని యొద్దనే కొని రసీదు తీసికొనవలెను. విమానాశ్రయపు బల్లల యొద్ద తొందరలోనున్న యాత్రికునికి బేరమాడు తీరిక లేదని బల్లవానికి తెలియును. ఊరిలోనే నాలుగుచోట్ల విచారించి కొనుట లాభము. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెను గదా. తిరిగివచ్చినపుడు మిగిలిన మారకము 2,000 డాలర్లకు మించినచో, మించినదానిని 180 దినములలోపల అప్పగింపవలెననుటయు మరువరాదు.

ముందుగా సొమ్ము నింపుకొను ఫారెక్స్ కార్డునకు ఒక సుగుణము గలదు. డాలర్లో, యూరోలో నింపిననాటి రేటు నిలిచియుండును; నడుమ రూపాయి పడినను భయము లేదు. పోయినచో నిలుపుచేయవచ్చును, నింపినంతకు మించి నష్టము లేదు. విద్యార్థులకును, ఒకే దేశమున కొన్ని నెలలుండువారికిని ఇది యుక్తమైనది. కాని డాలర్లు నింపిన కార్డుతో జపానుదేశపు యెన్‌లలో చెల్లించినచో మారకము మరల జరిగి, రుసుము మరల పడును. నాలుగు దేశములు తిరుగువాడు ఈ సంగతి ముందే అడిగి తెలిసికొనవలెను.

క్రెడిట్ కార్డునకు గల గొప్పగుణము, తగవు వచ్చినప్పుడు చిక్కుకొనునది మన సొమ్ము గాక బ్యాంకు సొమ్మగుట. హోటళ్లును, అద్దెకార్లవారును హామీగా కొంత మొత్తమును బిగించి యుంచుదురు. డెబిట్ కార్డు నిచ్చినచో మన సొంతసొమ్మే దినములకొలది చిక్కువడును. క్రెడిట్ కార్డైనచో అప్పు పరిమితి మాత్రమే తగ్గును. కాని క్రెడిట్ కార్డుతో యంత్రమునుండి నగదు తీయుట కొరివితో తల గోకికొనుటయే. రుసుమునకు రుసుము, ఆ దినమునుండియే వడ్డీ. నగదు కావలసినచో డెబిట్ కార్డుతోనో, ఫారెక్స్ కార్డుతోనో తీయవలెను. ప్రతిపర్యాయమును స్థిరరుసుము పడుటచే పదిసార్లు కొద్దికొద్దిగా తీయుటకంటె ఒకటి రెండుసార్లు కావలసినంత తీయుట మేలు.

యు.పి.ఐ. మన దేశమున 2016లో పుట్టినది. 2021లో భూటానునందును, 2024 ఫిబ్రవరిలో ఫ్రాన్సు, శ్రీలంక, మారిషస్ దేశములందును, మార్చిలో నేపాలునందును దానిచే చెల్లించు సౌకర్యము ప్రారంభమైనది. మనవారు నిర్మించిన సాధనము పారిసు నగరమున ఈఫిల్ గోపురము చీట్ల యొద్ద చెల్లుట చూచి గర్వించుట సహజము, మేమును గర్వించుచున్నాము. అయినను, ఒక దేశమున ప్రారంభమైనదనగా ఆ దేశమందలి ప్రతి దుకాణమునను చెల్లునని యర్థము కాదు. అందును మారకపు రేటు గలదు. మీట నొక్కుటకు ముందు తెరపై చూపబడిన రేటును రుసుమును చదువుట విధి. ఇంటి సాధనమని లెక్క చూడకుండుట అభిమానము కాదు, అలసత్వము.

దేశమును బట్టియు వివేకము మారవలెను. లండను నగరపు బస్సులలో 2014 జూలైనుండి నగదు తీసికొనుట లేదు. చేతినిండ పౌండ్లున్నను బస్సు ఎక్కనీయరు. చైనాదేశమున వీధి చివర పండ్లంగడి సయితము ఫోనుచే సొమ్ము పుచ్చుకొనును. అక్కడ చెల్లు అలీపే, వీచాట్‌లలో విదేశపు కార్డులను చేర్చుకొను వీలు గలదు, కాని ఆ పని బయలుదేరుటకు ముందే చేసికొనవలెను. అమెరికాలో పెట్రోలు పోయు యంత్రములు అనేకము ఆ దేశపు తపాలాసంఖ్య నడుగును. మన పిన్‌కోడు దానికి సరిపడదు. లోనికి పోయి చెల్లింపవలసియుండును.

మరియొక సంగతి. 2020లో రిజర్వు బ్యాంకు చేసిన ఏర్పాటు ప్రకారము క్రొత్తగా ఇచ్చు కార్డులు స్వదేశమున మాత్రమే పనిచేయును. విదేశపు చెల్లింపులకు వానిని మనమే తెరువవలెను. ఈ సంగతి ఎరుగక పరాయిదేశమున హోటలు బల్లయెదుట తెల్లబోవువారున్నారు. బయలుదేరుటకు ముందే తెరచి, రోజునకింతయని పరిమితి పెట్టుకొని, తిరిగివచ్చినపిదప మూసివేయవలెను. మన దేశమున జాలములో జరుగు చెల్లింపులకు సాధారణముగా రహస్యసంఖ్య యడుగుదురు. విదేశపు వర్తకులలో అనేకులు అడుగరు. కావున కార్డును కనుమరుగు కానీయరాదు. మనదిగాని చెల్లింపు కనబడినచో ఆ క్షణముననే బ్యాంకునకు తెలుపవలెను. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు చేసిన నిర్ణయమున, ఖాతాదారుని తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేక మూడవవాని మోసమువలన నష్టము కలిగి, సమాచారమందిన మూడు పనిదినములలో తెలుపబడినచో, ఖాతాదారునకు నష్టము లేదని చెప్పబడినది. హక్కు కలదు, కాని నిద్రించువానికి హక్కు అక్కరకు రాదు.

ఇవన్నియు విచారించి మేము చెప్పునదేమన, మొదటి రెండు మూడు దినములకు సరిపడు నగదు. మారకపు రుసుము లేనిదో, అతిస్వల్పమైనదో యగు కార్డు ఒకటి నిత్యవ్యయమునకు. వేరొక బ్యాంకుది, వేరొక సంస్థది యగు రెండవ కార్డు వేరుసంచిలో ఆపత్కాలమునకు. ఈ మూడును కలసి ఉత్తమసాధనము. ప్రతి చెల్లింపును స్థానికనాణెములో. ఇంతకు మించిన రహస్యమేదియు లేదు.

పాఠకుల కర్తవ్యము చెప్పితిమి. ఏలువారికిని, బ్యాంకులకును కర్తవ్యము లేదా? విదేశమునకు తీసికొనిపోవు మారకముపై ముందుగా పట్టుకొను పన్ను విషయము చూడుడు. 2025 ఏప్రిల్ 1వ తేదీనుండి సంవత్సరమునకు 10 లక్షల రూపాయలకు మించిన భాగముపై, చదువు, వైద్యము వంటివి కాని ఖర్చులకు, నూటికి 20 వంతున వసూలగునట్లు ఏర్పాటైనది. ఇది కడకు ఆదాయపుపన్నులో చెల్లువేయబడునదే, అధికమైనచో తిరిగివచ్చునదే. కాని పన్ను పడనంతటి స్వల్పాదాయముగలవాడు తన సొమ్మును తాను పొందుటకు లెక్క దాఖలు చేయవలెనని బల్లయొద్ద అతనికి చెప్పువారెవరు? విదేశమున వాడిన క్రెడిట్ కార్డు ఖర్చులను ఈ పరిమితిలో చేర్చుటకు 2023 మేలో నియమము మార్చి, జూన్‌లో అమలును వాయిదా వేసిరి. ఇట్లు ముందువెనుకలాడిన నియమములను సామాన్యుడు తనంత తాను తెలిసికొనుట యెట్లు?

సామాన్యశకము 1244–45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున ఒక శాసనము వేయించెను. సముద్రము దాటివచ్చిన పరదేశవర్తకులకు అభయమిచ్చి, నిర్ణీతమైన సుంకము తప్ప వేరేమియు గైకొనబడదని చెప్పి, ఏ సరకునకెంత సుంకమో రాతిపై చెక్కించెను. పరాయివాడు మోసపోరాదని ఏడువందల యేండ్లకు పూర్వము ఒక తెలుగురాజు తలచినదానిని, నేడు తన ఖాతాదారునిపట్ల మన బ్యాంకులు తలపలేవా? రేటుతోకూడ మొత్తము భారమెంతయో ఒకే రూపాయల సంఖ్యగా, అమ్ముటకు ముందే, తెలుగులో, చదువనగు అక్షరములలో అచ్చువేయుట అంత కష్టమైన కార్యమా? ఇరువది పుటల ఆంగ్లనిబంధనల క్రింద సంతకము పెట్టించుకొని, పిదప అంగీకరించితివి గదా యనుట మోటుపల్లి ధర్మము కాదు. రిజర్వు బ్యాంకువారు ఈ ఒక్క నియమమును విధించినచో వేయి హెచ్చరికలకంటె అధికమేలు కలుగును.

అంతవరకు పఠనమందిరములు ఊరకుండరాదు. విదేశయాత్రకు సిద్ధమగువారిని, వారి తలిదండ్రులను పిలిచి, కార్డు తెరచుట, రేటు చూచుట, స్థానికనాణెపు మీట నొక్కుట, దొంగతనమును తెలుపుట అను నాలుగు విషయములను ఒక సాయంకాలమున నేర్పవచ్చును. బ్యాంకులో పనిచేసి విరమించినవారు ప్రతి పట్టణమునను గలరు. వారికిది తగిన సేవ.

బావినీరు చేదుకొనువాడు బొక్కెనకు చిల్లి యున్నదేమో ముందు చూచుకొనును. మన ధనము కష్టమునుండి చేదుకొన్న నీరు. పరదేశమున దానిని పోయుటకు ముందు చిల్లి యెక్కడ నున్నదో చూచుకొందము.